రత్న చదివిన పాఠాలు

మొన్న శిక్షణలో మా టీచర్లందరికీ ఒక్కో అట్టపెట్టె ఇచ్చారు. మూత తీయగానే కొత్త ప్లాస్టిక్ వాసన కొట్టింది. లోపల బొమ్మల కార్డులు, అక్షరాల కార్డులు. చదవడానికి ఇబ్బంది పడబోయే పిల్లల్ని ఒకటో తరగతిలోనే ఎలా పోల్చుకోవాలో శిక్షణ ఇవ్వడానికి వచ్చినామె వివరిస్తోంది: నిన్న నేర్చిన అక్షరం ఇవాళ మరిచిపోతారు, మాటలోని చప్పుళ్ళను విడదీయలేరు, చూసి చదవలేక పాఠాన్ని కంఠతా పట్టేస్తారు. అందరూ రాసుకుంటున్నారు. నేను రాసుకోలేదు. ఆమె చెబుతున్నదంతా మా చెల్లెలు రత్న గురించే.

కన్నడ సీమలోని మా ఊరు బలసముద్రంలో, మా చేన్లో శనక్కాయలు పీకే రోజుల్లో, తడిమట్టి వాసన వేసే చెట్ల కుప్ప చుట్టూ కూర్చుని అమ్మ, అవ్వ కాయలు తెంపుతుంటే, మేం పిల్లలం ఉడకబెట్టిన కాయలు నములుతూ, మాట చివరి అక్షరంతో ఇంకో మాట చెప్పే ఆట ఆడేవాళ్ళం. ప్రతిసారీ రత్నే ఓడిపోయేది. మేం నవ్వితే తనూ నవ్వేది. చీకటిపడ్డాక బుడ్డిదీపం దగ్గర నాయిన గోడకానుకుని, కళ్ళు మూసుకుని, మా ఇద్దరి చేతా పాఠాలు చదివించుకునేవాడు. ఆయనకు చదువు రాదు. దాని పాఠం ముందు నేను చదివితే విని, రత్న ఆ కన్నడ పాఠాన్ని, పుట తిప్పాల్సిన చోట తిప్పుతూ గడగడా చెప్పేసేది.

"నా బిడ్డ నాలిక మీద సరస్వతి ఉండాది" అని నాయిన పొంగిపోయేవాడు.

బళ్ళో అందరూ ఒకే గొంతుతో చదువుతారు కాబట్టి అక్కడా ఎవరికీ తెలియలేదు. మూడో తరగతిలో కొత్తగా వచ్చిన మేష్ట్రు పాఠం నడిమధ్య వేలుపెట్టి చదవమంటే, రత్న మొదటినుంచి అందుకుంది. ఆయన కోప్పడలేదు. నాయినను పిలిపించి, "ఇంట్లో తెలుగు గదప్పా, పాపకు కన్నడం పట్టుబడల్యా. తెలుగు బళ్ళో ఏస్తే బాగవుతాది" అన్నాడు. మంచికే అన్నాడు. ఆ జూన్‌లోనే రత్నను ఆంధ్రా పక్క అమ్మవాళ్ళ ఊరికి పంపించారు. పుట్టినప్పటినుంచి మాట్లాడే భాష ఎందుకు రాదని నాయిన ధైర్యం.

ఉగాదికి వచ్చింది. అమ్మ పూర్ణం పెట్టి ఓళిగలు కాలుస్తోంది, ఇల్లంతా బెల్లం, నెయ్యి వాసన. నాయిన తెలుగు వాచకం రత్న చేతికిచ్చి, గోడకానుకుని కళ్ళు మూసుకున్నాడు. ఎంతసేపటికీ ఏమీ వినపడలేదు.

"తెలుగు గూడా రాలేదు నాయినా" అంది రత్న.

"పోనీలే. తిను పో."

తిట్టలేదు, కొట్టలేదు. ఆ రాత్రి నుంచి నన్నొక్కదాన్నే చదవమనేవాడు. రత్న గొర్రెల వెంట పోయింది. అప్పుడు నాకేమీ అనిపించలేదు. ఇప్పటికీ ఏమనిపించాలో తెలియదు.

ఆ చేను ఇప్పుడు సోలారు వాళ్ళకు కౌలుకిచ్చాం. శనక్కాయలూ లేవు, గొర్రెలూ లేవు, నాయినా లేడు. రత్న అక్కడే ప్యానెళ్ళు కడిగే కూలికి పోతోంది. శిక్షణ నుంచి వచ్చిన సాయంత్రం దానికి చెప్పాను: అది నీ తప్పు కాదని, కన్నడం తప్పూ కాదని, కొందరు పిల్లలకు అట్లా ఉంటుందని, చిన్నప్పుడే కనిపెట్టి ఇంకోరకంగా నేర్పించి ఉంటే నీకూ చదువు వచ్చి ఉండేదని. మొహం తుడుచుకుంటూ అంతా విన్నది.

"నాయిన నన్ను మొద్దుదనుకొనే పోయినాడు గదక్కా" అంది.