గాజుపెట్టెలో పచ్చజొన్న

“గాలాడదు, మన్ను తగలదు. ఈ పెట్టెల పెడితే ఇవి సచ్చిపోవా సారూ?”

గాజుపెట్టె ముందు నిలబడి, నెత్తిమీది విత్తనాల బుట్ట దింపకుండానే అడిగింది రాజవ్వ. సంగారెడ్డి రోడ్డు మీద కొత్తగా కట్టిన పల్లె మ్యూజియం అది. దాన్ని చూసుకునే సారు నవ్వాడు. “వెనక ఎకరం నేలుందమ్మా. ఏటా విత్తుతాం. అడిగినప్పుడు మీ విత్తనం మీకిస్తాం. పథకంలోనే రాశాం.”

రాజవ్వ విమల వైపు చూసింది. విమల రాజవ్వ ఊరి బడిలో సైన్సు టీచరు. రోజూ బీరంగూడ నుంచి పసిపాపను చంకనేసుకొచ్చి రాజవ్వకు అప్పజెప్పి బడికి పోయేది. విమల సారు చూపిన పథకం కాగితం చదివింది. “నిజమే అవ్వా, రాసుంది.”

ఆ పచ్చజొన్న రాజవ్వ పెళ్లినాడు తల్లి కొంగున కట్టి పంపింది. ఫ్యాక్టరీల నీళ్లు కలిసి వాగు ఎర్రబడ్డాక, వాగొడ్డున ఉన్న ఆమె మూడెకరాల్లో మొలక మొలిచినట్టే మొలిచి మాడిపోయేది. నేల బాగయ్యేదాకా విత్తనం ఎక్కడో ఒకచోట బతకాలి. అదే ఆమె ఆశ.

ఎవరికి విత్తనమిచ్చినా బుట్ట అడుగున పిడికెడు మిగల్చడం వాళ్లింటి పద్ధతి. ప్రారంభోత్సవానికి పెట్టె నిండుగా కనిపించాలన్నాడు సారు. రాజవ్వ బుట్ట బోర్లించి, అడుగు తట్టి మరీ పోసింది.

మూడో ఏడు, తొంభై ఎనిమిదిలో, జోగిపేట దగ్గర తమ్ముడు అరెకరం ఇస్తానన్నాడు. విత్తనం కోసం రాజవ్వ విమలను వెంటబెట్టుకుని మ్యూజియానికి వెళ్లింది. వెనక ఎకరంలో సిమెంటు పోసి ఉంది. దాని మీద కార్లు. పెట్టెలో జొన్నలు మాత్రం మిలమిలలాడుతున్నాయి.

“ఒక్క పురుగు లేదు సూడుండ్రి,” అన్నాడు కాపలా ఉన్న కామరాజు గర్వంగా. “తెచ్చిన్నాడే వేయించి, వార్నిష్ కొట్టినం.”

“వేయించిండ్రా? మరి బెల్లం ఏది బిడ్డా, ఇంత నోట్లేసుకొని పోదుము!”

కామరాజు నవ్వాడు. రాజవ్వ నవ్వలేదు. గోడమీద పెద్దక్షరాలతో ‘సుస్థిర అభివృద్ధికి మన వారసత్వం’ అని రాసి ఉంది.

అయినా విమల నూరు గింజలు అడిగి తెచ్చి తడిగుడ్డలో చుట్టింది. పాప పాలకోసం నీళ్లు మూడుసార్లు మరిగించే మనిషి, ఆ గుడ్డ పూటకోసారి విప్పి చూసింది. అయిదోనాటికి ఒక్కటీ పగిలి మొలకెత్తలేదు.

చెబితే రాజవ్వ అన్నది ఒకటే మాట. “సదివి సెప్పినవ్ గదా బిడ్డా.”

విమల ఆ తడిగుడ్డను మళ్లీ మడిచి సంచిలో పెట్టుకుంది.

మర్నాడు పాపను దింపి వెళ్లబోతుంటే, రాజవ్వ దడిమీది అనుపకాయలు ఒలిచి ఆమె దోసిట్లో గింజలు పోసింది. నల్లగా ఉన్నాయని అప్పట్లో మ్యూజియం సారు పెట్టెలోకి వద్దన్న గింజలవి. పోసినదాంట్లోంచే పిడికెడు వెనక్కి తీసి తన కొంగున ముడేసుకుంది.

బీరంగూడలో విమల ఇంటి మెట్లపక్క పగిలిన బకెట్లో ఏటా వానలకు అనుపతీగ లేస్తుంది. ఎవరడిగినా ఆమె గింజలిస్తుంది. ఇచ్చేముందు పాప చేత పిడికెడు తీయించి డబ్బాలో వేయిస్తుంది. రాజవ్వ ఆరోజు చెప్పింది అదే.

“ఎవలకన్న ఇయ్యి బిడ్డా, గని పిడికెడు ఇంట్ల ఉంచుకో. ఏటేటా మన్నుల పెట్టు. కాగితం మీద రాసింది మొలువదు.”