లెతాయ్, సాబా, మూడో కప్పు

మా బిల్డింగ్ కింద ఒకప్పుడు సెలూన్ ఉన్న చోట ఈమధ్య కాఫీ షాపు తెరిచారు. సాయంత్రం పూట వాళ్లు గింజలు వేయిస్తుంటే ఆ వాసన లిఫ్టెక్కి మా అంతస్తు దాకా వస్తుంది, అమ్మ వంటింట్లోంచి తల బయటపెట్టి "మాడ్చేశాడు" అని లోపలికెళ్లిపోతుంది. గోదావరి జిల్లాలో పుట్టిన మా అమ్మకి కాఫీ విషయంలో ఎవరూ కంటికి ఆనరు. ఆనినవాళ్లు ఇద్దరే ఇద్దరు.

స్కూలు మొత్తం లాప్‌టాప్‌లోకి వచ్చేసిన ఆ కరోనా ఏడాది నాకు పదమూడేళ్లు. దుబాయ్‌లోని అల్ కుసైస్‌లో మా ఎదురింట్లో సాబా, లెతాయ్ ఒక గది అద్దెకు తీసుకుని ఉండేవాళ్లు. ఎరిట్రియా నుంచి వచ్చిన సాబా కింద సెలూన్‌లో జడలు అల్లేది. ఇథియోపియా నుంచి వచ్చిన లెతాయ్ ఇక్కడి ఆడవాళ్లు పైన వేసుకునే నల్లటి అబాయాలు కుట్టేది. వాళ్ల భాష ఒకటే, పండగలు ఒకటే, దేశాలు మాత్రం ఒకదాన్నొకటి చంపుకున్నవి. వీళ్ల చిన్నతనంలో జరిగిన ఆ యుద్ధంలో ఇద్దరి నాన్నలూ సరిహద్దుకి చెరోపక్కా చనిపోయారు. ఏళ్ల తర్వాత సంధి కుదిరింది. ఆ కొత్తలోనే దుబాయ్ బస్సులో ఒకరు ఫోన్లో మాట్లాడుతుంటే అది తమ భాషేనని గుర్తుపట్టి రెండోవాళ్లు పలకరించారట. నాన్నలు చెయ్యలేకపోయిన పని మేం చేశామని లెతాయ్ నవ్వుతూ చెప్పేది.

పనులు లేక అందరం ఇళ్లల్లో పడి ఉన్న ఆ ఎండాకాలం మధ్యాహ్నాలు, వాళ్లు గుమ్మం ముందు కారిడార్‌లో పచ్చగడ్డిలాంటి ప్లాస్టిక్ చాప పరిచి (అసలు గడ్డి పరచాలట, ఈ ఎడారిలో ఎక్కడ తెస్తారు), చిన్న పెనం మీద పచ్చి కాఫీ గింజలు నల్లగా నిగనిగలాడేదాకా వేయించి, ఆ పొగని అందరి ముక్కుల దగ్గరికీ తెచ్చి వాసన చూపించి, దంచి, పొడవాటి మెడ ఉన్న నల్లటి మట్టికూజాలో కాచేవాళ్లు. పక్కన సాంబ్రాణి పొగ, గిన్నె నిండా పేలాలు. ఏసీల నీళ్లు బకెట్లలో టప్‌టప్‌మంటుండగా నేనూ తమ్ముడూ చాక్‌పీసుతో గళ్లు గీసి, చింతపిక్కలు అరగదీసి అష్టాచెమ్మా ఆడేవాళ్లం. సాబా తొండి ఆడేది, దొరికిపోతే "ఖలాస్, ఖలాస్" అంటూ పిక్కలన్నీ కలిపేసేది.

వాళ్ల కాఫీ మూడు వాయిలు. అదే పొడిలో మళ్లీ మళ్లీ నీళ్లు పోసి కాస్తారు. మూడోదాన్ని 'బెరెకా' అంటారు, దీవెన అని అర్థం. అది తాగకుండా లేస్తే ఇంటివాళ్ల దీవెన కాదన్నట్టు. మా ఇంట్లోనేమో ఇడ్లీ అయినా మూడు వడ్డించరు. అందుకని అమ్మ రెండు కప్పులు తాగి ఠంచనుగా లేచేది. వాళ్లు చెయ్యి పట్టుకుని లాగేవాళ్లు, అమ్మ భాష వచ్చినవాళ్లతోనూ రానివాళ్లతోనూ ఒకేలా మాట్లాడే తన తెలుగులోనే "మూడోది మాకు అచ్చిరాదమ్మా" అనేది. రోజూ ఇదే తంతు. ఎవరూ ఎవరినీ మార్చలేదు, ఎవరికీ కోపమూ రాలేదు. అంత సుఖంగా ఉన్న రోజులవి.

దీపావళికి ముందే లెతాయ్ వాళ్ల ప్రాంతంలో మళ్లీ యుద్ధం మొదలైంది, ఈసారి సొంత దేశ ప్రభుత్వంతోనే. ఫోన్లు పనిచేయలేదు. అమ్మ సున్నుండలు తీసుకెళ్తే, తలుపు తీసిన లెతాయ్ ఫోన్లో అదే నంబరు మళ్లీ మళ్లీ నొక్కుతోంది, లైను కలవడం లేదు. కొన్నాళ్లకి వాళ్ల ఊళ్లోకి ఆ ప్రభుత్వానికి తోడుగా ఎరిట్రియా సైనికులు కూడా వచ్చారని ఎవరి ద్వారానో తెలిసింది. సాబా తమ్ముడు ఆ సైన్యంలోనే ఉన్నాడు. వాళ్ల దేశంలో కుర్రాళ్లని ఇష్టం ఉన్నా లేకపోయినా పట్టుకుపోతారు.

జనవరిలో వాళ్ల క్రిస్మస్. సాబా యాలకుల వాసనతో తియ్యటి రొట్టె కాల్చి, చాప పరిచి మమ్మల్నీ పిలిచింది. లెతాయ్ వచ్చి కూర్చుంది. ఒక కప్పు తాగింది, రెండోదీ తాగింది. సాబా మూడోది పోయబోతే తన కప్పు బోర్లించి లేచి లోపలికెళ్లిపోయింది. సాబా కూజా వంచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. అప్పుడు అమ్మ తన ఖాళీ కప్పు ముందుకు పెట్టింది.

"నాకు పొయ్యమ్మా, నేను తాగుతాను."

సాబా ఏడుస్తూనే పోసింది. అమ్మ చుక్క మిగల్చకుండా తాగింది. కానీ అమ్మ తాగితే సరిపోయేది కాదు కదా, తాగాల్సిన మనిషి తాగాలి. ఆ నెలలోనే లెతాయ్ దూరంగా ఖోర్ ఫక్కాన్ ఊళ్లో ఎవరింట్లోనో పని చూసుకుని వెళ్లిపోయింది. చాప మళ్లీ పరవలేదు. సెలూన్ మూతపడ్డాక సాబా కూడా వీసా అయిపోయి వెళ్లిపోయింది. ఏ దేశానికో మాకు సరిగ్గా చెప్పలేదు, బహుశా తనకీ తెలియదు.

ఆ యుద్ధమూ ఆగింది. నేను కాలేజీలో చేరిన ఏడాది ఒక శుక్రవారం లెతాయ్ మా గుమ్మంలో నిలబడింది. జుట్టు ముందువైపు నెరిసింది. ఎదురింటి తలుపు అప్పటికే తట్టిందట, ఎవరో ఫిలిప్పీన్స్ కుటుంబం తీసిందట. వాళ్లమ్మ బతికే ఉందని చెప్పింది, అన్నయ్య లేడని చెప్పింది. తర్వాత అమ్మ దగ్గర నేర్చుకున్న తెలుగు ముక్కలన్నీ కూడదీసుకుని అడిగింది:

"సాబా తమ్ముడు బాగున్నాడా? నేను వాడి కోసం కూడా దండం పెట్టా, దేవుడికి. సాబాకి చెప్పు."

అమ్మ చెబుతానంది. సాబా పాత నంబరుకి ఆ రోజే చేసింది, ఇప్పటికీ చేస్తుంటుంది. అందుబాటులో లేదని అరబిక్‌లో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి వినిపిస్తుంది. అమ్మ రెండూ పూర్తిగా వింటుంది.