ఉప్పు చేపే కదా అనుకుంది అక్క: హాంబుర్గ్ చేపల సంతలో ఒక ఆదివారం

మా పెద్దమ్మ కూతురు శిరీషక్కకి ఆరో నెల. మొదటి నాలుగు నెలలూ మంచినీళ్ళు కూడా ఇమడలేదు. వాంతులు తగ్గాక కూడా అన్నం కంచం చూస్తే మొహం తిప్పుకునేది. బరువు పెరగడం లేదని మొన్న చెకప్‌కి వెళ్ళినప్పుడు డాక్టరు గట్టిగానే చెప్పింది. అలాంటి మనిషి ఒక సాయంత్రం ఫోన్ చేసి, "ఏమే, చేప తినాలనుందే. ఫ్రీజర్‌లో రాయిలా పడుండేది కాదు, చేపలా ఉండేది" అంది. జర్మనీలో అక్క వాళ్ళుండే బ్రెమెన్‌లోనే నేనూ మాస్టర్స్ చేస్తున్నాను. ఆదివారం గదిలో కూర్చోవడం నాకెటూ చేతకాదు కాబట్టి హాంబుర్గ్ ఫిష్‌మార్క్ట్‌కి పోదామన్నాను.

ఈ సంత ఆదివారాలు మాత్రమే. తెల్లవారుజామున మొదలుపెట్టి తొమ్మిదిన్నరకల్లా సర్దేస్తారు, అందుకని పొద్దున్నే బయల్దేరాలి. బ్రెమెన్ నుంచి రీజనల్ రైల్లో గంట పైచిలుకు ప్రయాణం. దేశమంతా తిరగనిచ్చే నెలవారీ డాయిచ్‌లాండ్ టికెట్ ఉంటే వేరే ఖర్చు లేదు. హాంబుర్గ్‌లో ఎస్-బాన్ అనే లోకల్ రైలుకి మారి లాండుంగ్స్‌బ్రుకెన్‌లో దిగి, ఎల్బె నది పక్కనే నడిస్తే పావుగంట. అక్కతో కాబట్టి మాకు అంతకు రెట్టింపు పట్టింది.

పళ్ళ బుట్టలు పైకెత్తి గొంతు చించుకునే అమ్మకందారులు, రాత్రంతా తాగి ఇంకా ఇళ్ళకు వెళ్ళని కుర్రాళ్ళు, అన్నిటి మీదా చేప వాసన. అక్క ముక్కు మూసుకుంటుందేమోనని భయపడ్డాను. గుండెల నిండా పీల్చి, "కాకినాడ జెట్టీ దగ్గర దిగినట్టుందే" అంది.

ఆమె కోసం టాయిలెట్ ఎక్కడుందో కనుక్కుని వచ్చేలోపే అక్క చేతిలో బ్రెడ్డు, బ్రెడ్డులో ఉల్లిపాయ ముక్కలు, వాటి కింద మెరుస్తున్న మాత్యెస్ అనే చేప. నోటిదాకా వెళ్ళింది.

"అక్కా, ఆగు! అది పచ్చిది."

"పచ్చిదేంటే, ఉప్పు చేప. ఉప్పులో ఊరేశామని కొట్టు ఆవిడే చెప్పింది. చిన్నప్పట్నించీ తింటున్నదే కదా."

"మన ఉప్పు చేప వంకాయతో కలిసి పొయ్యెక్కుతుంది. ఇది పొయ్యి మొహమే చూడలేదు."

"నువ్వు చూశావా?"

కొట్టు ఆవిడ్ని "ఇస్ట్ దాస్ రో?" అని అడిగాను, ఇది పచ్చిదా అని. పచ్చిదేనంది. అప్పుడే అక్క పొట్ట ఆవిడ కంటబడింది. వద్దు వద్దని రెండు చేతులూ ఊపింది. పచ్చి చేపలో ఉండే క్రిములు బిడ్డకి ప్రమాదమని అక్కని చూసే మంత్రసాని ముందే చెప్పింది. పచ్చి చేప మనమెక్కడ తింటాంలే అని అక్క అప్పుడు నవ్వేసి ఊరుకుంది, అంతే.

"ఇంత దూరం వచ్చింది వాసన చూసి పోడానికా? ఒక్క ముక్క తింటే ఏమవుద్దే?"

ఎన్ని నెలలకో నోరు తెరిచి తింటానన్న మనిషి చేతిలోంచి లాక్కోవడం సులభం కాదు. లాక్కున్నాను. పారేయడమెందుకని నేనే తిన్నాను.

"బాగుందా?"

"ఏదోలే."

"సిగ్గులేకపోతే సరి. మూతి నాక్కుంటున్నావు."

పక్క వరసలో నూనె మరుగుతున్న చోటు వెతికాను. పిండిలో ముంచి వేయించే బాక్‌ఫిష్. మాత్యెస్ బ్రెడ్డు ఐదు యూరోలైతే ఇది ఏడు. ముందే వేయించి వేడి తగ్గకుండా దీపం కింద పేర్చినవి వద్దు, మూకుడులోంచి తీసినది కావాలన్నాను. "ఐతే నిలబడాలి" అన్నాడతను. నిలబడ్డాం. పచ్చి గుడ్డుతో చేసిందేమో తెలియదు కాబట్టి పైన వేసే సాస్ వద్దన్నాను. చేప తుంచి చూస్తే లోపలిదాకా తెల్లగా, పొరలు పొరలుగా, పొగలు కక్కుతోంది. అక్క సంచిలోంచి కారప్పొడి పొట్లం తీసి, సంతలో ఎవరూ చూడట్లేదన్నట్టు చల్లుకుంది. మొత్తం తింది. నేను ఆమె మొహం వంకే చూస్తున్నాను, కక్కేస్తుందేమోనని. వేళ్ళు తుడుచుకుంటూ, "ఇంకోటి చెప్పు. ఈసారి నీకు ముక్క కూడా ఇవ్వను" అంది.

కొత్త ఊళ్ళో తిండి విషయంలో నా భయమంతా మురికి గురించే ఉండేది. ఆ సంతలో అన్నీ శుభ్రంగానే ఉన్నాయి. పరాయి వంటని మన వంటింటి లెక్కతో చూడటమే అక్కని దాదాపు దెబ్బతీసింది. మనకి చేప అంటే ఉడికిందే. వాళ్ళకి ఉప్పు, వెనిగర్, పొగ పెట్టడం, ఇవన్నీ నిప్పు లేని వంటలు. చూపులకి వండినట్టే ఉంటాయి.

గర్భిణులతోనో పసిపిల్లలతోనో వెళ్ళేవాళ్ళు ఆ మూడు జర్మన్ మాటలూ నేర్చుకుని వెళ్ళండి: "ఇస్ట్ దాస్ రో?" డబ్బులు ఇచ్చేముందే అడగండి. బ్రెడ్డు చేతికొచ్చాక ఆకలిగా ఉన్న మనిషి ఎవరి మాటా వినదు.