మార్తమ్మ పేరున్న పెడల్

రేచల్‌కు కృపాదానమంటే పడదు. నరసరావుపేటలో వాళ్ళ చర్చికి వచ్చేవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు, కృపాదానానికి మరీ బాగా తెలుసు. గూడ్సు ఇంజన్ల మీద జీవితమంతా గడిపి, నడికుడిలో రిటైరై, ఇప్పుడు సంఘపెద్దగా చర్చి మీద పెత్తనం చేస్తున్న మనిషి ఆయన. రేచల్ ఆస్పత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. వారమంతా రక్తాలు తీసి, ఆదివారం గిటారు పట్టుకుంటుంది. పాట అయిపోవడమే ఆలస్యం, ఆయన లేచి, "ఏం వాయిస్తందో ఏమో, ఒక్క ముక్క వినపడి చావదు" అంటాడు. ఆమె కాలేజీ రోజుల నుంచీ ఇదే మాట. ఎదుటివాళ్ళ నోటి వంక గుచ్చిగుచ్చి చూస్తూ మాట్లాడే ఆయన పద్ధతంటే రేచల్‌కు ఒళ్ళు మంట.

అలాంటి మనిషికి మార్తమ్మలాంటి భార్య ఎలా దొరికిందో దేవుడికే తెలియాలి. ఆడపిల్ల అందరి ముందూ నిలబడి గిటారు వాయించడమేమిటని కమిటీ గొణిగినప్పుడు, "అది వాయించకపోతే నేను పాడను" అని భీష్మించుకు కూర్చుంది ఆమె. ఏ పాటైనా సరే, మైకు పక్కకు నెట్టేసి, మొదటి వరుసలో కూర్చున్న మొగుడి ఎదురుగా వచ్చి నిలబడి పాడేది. ఆ మొహం చూస్తూ ఎలా పాడగలుగుతోందా అని రేచల్ ఆశ్చర్యపోయేది.

మార్తమ్మ పోయి ఏడాది కావస్తోంది. క్వయర్ ప్రాక్టీసులో ఆమె ఒక్కతే పాడిన పాట ఒకటి రేచల్ ఫోన్లో ఉండిపోయింది. దానికి గిటారు జతచేసి, ఇంట్లోనే రికార్డు చేస్తే జ్ఞాపకార్థ కూడికలో అందరికీ వినిపిద్దామన్నారు పాస్టర్ గారు. రేచల్ వెంటనే ఒప్పుకుంది. చిన్నప్పటి నుంచీ పిన్ని అని పిలిచిన మార్తమ్మ గొంతు మచ్చ లేకుండా వినిపించాలి. ఆమెకు కావలసింది అదొక్కటే.

రికార్డింగుకు కావలసిన సామాను నేను కొనిస్తానన్నాడు కృపాదానం. వాయించేదాన్ని ఒక్క మాటైనా అడగకుండా గుంటూరు వెళ్ళి, గిటారు శబ్దాన్ని రకరకాలుగా మార్చే మల్టీ ఎఫెక్ట్స్ పెడల్ ఒకటి పట్టుకొచ్చాడు. "దీంతో గిటారు సౌండు బాగా పెరుగుద్దంట" అని సంఘం ముందు ప్రకటించాడు.

చర్చికి ఎవరేమిచ్చినా పేరు రాయించి ఇవ్వడం అక్కడి ఆనవాయితీ. ఫ్యాను రెక్కల మీద, కుర్చీల వీపుల మీద, ఆఖరికి మంచినీళ్ళ డ్రమ్ము మీద కూడా ఎవరో ఒకరి పేరుంటుంది. కృపాదానం కూడా పెడల్‌ను పెట్టెలోంచి తీసి, కనీసం కరెంటు పెట్టి చూడకుండా, తిన్నగా ఫ్యాన్ల మీద రాసే పెయింటరు దగ్గరికి తీసుకెళ్ళాడు. "కీ.శే. మార్తమ్మ గారి జ్ఞాపకార్థం, భర్త కృపాదానం" అని ముదురు పసుపు రంగులో పడింది. పేరు పెద్దది, పెట్టె చిన్నది. ఏ నాబ్ దేనికో చెప్పే గుర్తులన్నీ రంగు కిందికి పోయాయి. పాస్టర్ గారు దాని మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. అందరూ చప్పట్లు కొట్టారు, రేచల్ కొట్టలేదు.

అయినా ఇంటికి తెచ్చాక దాన్ని న్యాయంగానే పరీక్షించింది. నాబ్‌లు ఒక్కొక్కటే తిప్పి చూసి, ఏది ఏమిటో చెవితోనే కనిపెట్టింది. హెడ్‌ఫోన్ తగిలించుకుని వాయిస్తే పక్కగదిలోకి కూడా చప్పుడు పోదు. శ్రుతి తప్పితే అదే చూపిస్తుంది. తాళానికి డ్రమ్ము కూడా అదే వేస్తుంది. మన ఆంప్లిఫయర్లలో గుయ్యిమనే ఎకో కాదు, చల్లగా, దూరంగా వినిపించే ఎకో ఉంది. ప్రాక్టీసుకు ఇంతకంటే ఏం కావాలి అనిపించింది. కృపాదానం తెచ్చిన వస్తువు బాగుండటం ఆమెకు ఏమాత్రం నచ్చలేదు.

తీరా లాప్‌టాప్‌కు కలిపి రికార్డు చేస్తే గిటారు వెనక ఒకటే గరగర. వైరు మార్చింది, ఫ్రిజ్ ఆపింది, ల్యాబ్‌లో తనతో పనిచేసే జెబా లాప్‌టాప్ అడిగి తెచ్చింది. గరగర పోలేదు. పెడల్‌లో రికార్డింగు సాకెట్టే చెడింది. షాపుకు ఫోన్ చేస్తే, "వారంలోపు తెస్తే మారుస్తాం మేడం, కానీ కొన్నది కొన్నట్టుండాలి" అన్నారు.

కొన్నది కొన్నట్టు ఎక్కడుంది? రేచల్ కోపంగా కృపాదానం ఇంటికి వెళ్ళింది. టీవీ వీధి చివరిదాకా మోగుతోంది. దాన్ని ఆపించి, హెడ్‌ఫోన్ ఆయన చెవులకు పెట్టి రికార్డింగు వినిపించింది. ఆయన కళ్ళు మూసుకుని కాసేపు కూర్చున్నాడు.

"ఏందే దీంట్లో తప్పు? బాగానే ఉందిగా."

"అంత గరగర వినపడలా బాబాయ్? పిన్ని గొంతు మీద ఇసక పోసినట్టుంది."

"గరగరా లేదు, గాడిదగుడ్డూ లేదు. నీకు చాతగాక వస్తువు మీద పడతన్నావు."

"పేరు తుడిపించండి. కొత్తది ఇస్తామంటన్నారు."

"మా ఆవిడ పేరు మీద చెయ్యేస్తే మర్యాదగా ఉండదు. పో అవతలికి."

రేచల్ వచ్చేసింది. దారిలో హార్డ్‌వేరు షాపులో రంగు కరిగించే టిన్నర్ సీసా కొంది. ఇంటికొచ్చి దూదితో ఒక్కో అక్షరమే తుడవసాగింది. ఆ మొగుడి పేరు తుడవటం సులువుగానే ఉంది. మార్తమ్మ పేరు దగ్గరికి వచ్చేసరికి దూది పక్కన పెట్టేసి, మళ్ళీ తీసుకుంది. నీ కోసమే పిన్నీ అనుకుంది, అయినా ఏడుపు ఆగలేదు. షాపువాడు తిప్పి తిప్పి చూసి, సణుక్కుంటూనే మార్చి ఇచ్చాడు.

ఆదివారం పేరు లేని పెడల్ చూసి కృపాదానం అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "చచ్చినదాని పేరు చెరిపింది ఇది. ఇట్టాంటిదా దేవుని మందిరంలో వాయించేది?" అన్నాడు అందరి ముందూ. క్వయర్‌లో ఆడవాళ్ళు మొహాలు తిప్పుకున్నారు.

"చెరిపింది నేనే. చెడ్డ వస్తువు మీద పిన్ని పేరుంటే చూడలేకపోయా. మళ్ళీ రాయించుకోండి. ఈసారన్నా నాబ్‌ల కాడ చోటొదిలి రాయమనండి" అంది రేచల్.

ఆయన మళ్ళీ రాయించాడు, పంతానికి ఇంకా పెద్ద అక్షరాలతో.

జ్ఞాపకార్థ కూడిక నాడు చర్చి నిండిపోయింది. పాట కడిగిన ముత్యంలా వచ్చింది. లాప్‌టాప్‌లోని పాట పెడల్ గుండా స్పీకర్లకు వెళ్ళేలా కలిపి, పిన్ని పక్కన కూర్చుని కూనిరాగం తీసినట్టుండాలని రేచల్ స్పీకర్ల సౌండు తగ్గించి పెట్టింది. మొదటి చరణానికే ఆడవాళ్ళు కొంగులు కళ్ళకద్దుకున్నారు. రెండో చరణం కూడా అయిపోయింది. మొదటి వరుసలో తెల్లచొక్కా వేసుకుని కూర్చున్న కృపాదానం విసుగ్గా వెనక్కి తిరిగాడు.

"ఏందే, ఇంకా పెట్టవా? ఇంతమందిని కూర్చోబెట్టి ఏం చేస్తన్నావు?"

స్పీకర్లలో మార్తమ్మ పాడుతూనే ఉంది.

రేచల్‌కు అప్పుడు అర్థమైంది. వినపడదు, వినపడదు అని ఇన్నేళ్ళూ ఆయన అన్నది తిట్టు కాదు. నోటి వంక చూసేది పొగరుతో కాదు. పిన్నికి తెలుసు, అందుకే ఎదురుగా నిలబడి పెదాలు కనపడేలా పాడేది. పాట నడుస్తోంది బాబాయ్ అని ఒక్క మాట అంటే చాలు, ఆ పెత్తనం ఆ పూటతో సరి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అనాలనే ఉంది కూడా.

పాట ఆపేసింది. ఆయన ఎదుటికి వచ్చి, తన పెదాలు కనపడేలా నిలబడింది.

"వైరు ఊడింది బాబాయ్. నాదే తప్పు."

"చాతకాదని మొదటినుంచీ చెబుతానే ఉన్నా" అన్నాడు ఆయన చుట్టూ చూస్తూ. రేచల్ పళ్ళు బిగబట్టి, హెడ్‌ఫోన్ ఆయన చెవులకు పెట్టింది. పసుపు అక్షరాల కింద సౌండు నాబ్ తడిమి పట్టుకుని తిప్పింది. పాట మళ్ళీ మొదలుపెట్టింది.

ఆయన తిట్టు మధ్యలోనే ఆగిపోయింది. రెండు చేతులతో హెడ్‌ఫోన్‌ను చెవులకేసి అదుముకున్నాడు.

"మార్తా, కాస్త గట్టిగా పాడవే" అన్నాడు, చర్చి అంతా వినపడేలా.

నాబ్ అప్పటికే ఆఖరిదాకా తిరిగి ఉంది.