మనిషికి మనిషి

సూళగిరిలో బస్సు ఆగినప్పుడు కిటికీలోంచి చూసి గుర్రప్ప ఉలిక్కిపడ్డాడు. భుజాన తువ్వాలుతో తిమ్మయ్య ఎక్కుతున్నాడు. వారంగా షెడ్డుకు రాని తిమ్మయ్య. ఇవాళ కృష్ణగిరి లేబర్ ఆఫీసులో గుర్రప్ప గురించి సాక్ష్యం చెప్పబోయే తిమ్మయ్య.

గుర్రప్ప ఒకప్పుడు లేతు మిషను మీద పనివాడే. ఇప్పుడు హోసూరులో సొంత షెడ్డు, బండ్ల కంపెనీలకు బోల్టులు చేసిచ్చే పని. పుట్టింది ఉద్దనపల్లిలో. అక్కడ రాగి కోతలంటే ఇవాళ నీ చేలో నేను, రేపు నా చేలో నువ్వు. వీలుకాకపోతే తమ్ముణ్ణో బావమరిదినో పంపాలి. కోత మాత్రం ఆగకూడదు. రాజులు పోయినా, పన్నులు మారినా, రైతు మొదట నేర్చుకునే ధర్మశాస్త్రం అదే. మనిషి ఊరు విడిచి ఎంత దూరం పోయినా చెప్పులకంటిన మట్టిలా అది వెంటే వస్తుంది. గుర్రప్ప షెడ్డులోకీ వచ్చింది. అక్కడ సెలవనే మాటే లేదు. జ్వరమైనా, పెళ్ళైనా ఇంట్లోంచి ఒక మనిషిని పంపితే చాలు, జీతం కోసేవాడు కాడు. అది తన మంచితనమనే నమ్మాడు.

పోయిన నెల లేబర్ ఆఫీసరు షెడ్డుకు వచ్చి లేతు దగ్గరున్నవాణ్ణి పేరడిగాడు. అన్న పనికి వచ్చినవాడు అన్న పేరే చెప్పాలి కాబోలని, తిమ్మయ్య తమ్ముడు "తిమ్మయ్య" అన్నాడు. మళ్ళీ వచ్చినప్పుడు అసలు తిమ్మయ్యా అదే పేరు చెప్పాడు. ఇంకేముంది! హాజరు పుస్తకంలో పేరు లేనివాళ్ళతో పని, పేరున్నవాళ్ళకు జీతంతో సెలవు లేదు. కేసు పడితే షెడ్డు మూతేనన్నాడు ఆఫీసరు.

"మాకు సెలవులిస్తాడు" అని తిమ్మయ్య ఒక్క మాటంటే గండం గడుస్తుంది. ఆ అబద్ధం ఎలా అడగాలా అని గుర్రప్ప హోసూరు నుంచీ నెమరేసుకుంటూనే ఉన్నాడు.

"ఏమప్పా, ఇన్ని దినాలు యాడ పోయినావు?"

గుర్రప్ప పక్క సీటు ఖాళీగా ఉన్నా తిమ్మయ్య కూర్చోలేదు. "కోపం చేసుకోవద్దన్నా. బిడ్డకు జ్వరం. నా తమ్ముడు ఆఫీసరుకు భయపడి బెంగళూరుకు పారిపోయినాడు. పంపేదానికి మనిషి లేకపాయ. ఏ మొగం పెట్టుకోని నీ కాడికి వచ్చేది?"

"బిడ్డకు ఎట్లుంది?"

"నిన్న రోంత గంజి తాగింది. నేను రాక మిషను నిలిచిపోయిందా అన్నా?"

"నిలిచిపోయింది."

"అయ్యో, ఎంత తప్పు చేసినాను!"

ముందు సీటు ముసలామె వెనక్కి తిరిగింది. "మిషనుకేం జ్వరం రాదులే నాయనా. కూర్చో, నా మింద పడేట్టుండావు."

తిమ్మయ్య సీటు అంచున కూర్చుని గొంతు తగ్గించాడు. "ఆఫీసరు అడిగితే ఏం చెప్పేదన్నా? లీవు ఇస్తాడని చెప్పేదా?"

కావలసిన మాట అడగకుండానే ఒళ్ళో పడింది. బిడ్డ పక్కన కూర్చోవడమే తప్పనుకుంటున్నాడు వీడు. ఆ తప్పు వీడికి నేర్పిందెవరు?

కృష్ణగిరిలో దిగాక గుర్రప్ప అన్నాడు: "ఉండేది ఉన్నట్టే చెప్పు. చెప్పి ఇంటికి పో. రేపు రావద్దు, మనిషినీ పంపొద్దు. జీతం ఉంటుంది."

"షెడ్డుంటే కదన్నా, జీతం?"

గుర్రప్ప పంచె ఎగ్గట్టి, ఆటోల సందులోంచి ఆఫీసు వైపు నడిచాడు. తిమ్మయ్య పిలుస్తున్నా వెనక్కి తిరగలేదు.