వంతెన దగ్గర నేను మాట్లాడిన హిందీ

ఆగస్టు వానలో టాటానగర్ స్టేషన్‌లో దిగాం. ఆరుగురం, తొమ్మిది పెట్టెలు. పెట్టెల్లో సెన్సార్లు, కేబుళ్ళు, గ్రీజు డబ్బాలు, రెండు హెడ్‌ఫోన్లు. సైన్యంలో నేను ఇంజనీర్ల విభాగంలో హవల్దార్ని. నా పని వంతెనలను వినడం. ఈ మాటంటే మా కాలనీవాళ్ళు ఇప్పటికీ నవ్వుతారు. సరిహద్దు కబుర్లు చెప్పమంటారు. నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది మాత్రం మన ఊళ్ళోనే చేసిన ఈ డ్యూటీ. తలచుకుంటే సిగ్గుతో చచ్చిపోతాను.

నేను పుట్టి పెరిగింది ఈ ఊరి టెల్కో కాలనీలోనే. మా సుబేదార్ సాబ్ గఢ్‌వాల్ మనిషి. జీపు ఎక్కకముందే తేల్చి చెప్పేశాడు: "యహాఁ తేరా కోయీ నహీ. సమ్‌ఝా?" ఇక్కడ నీకెవరూ లేరు, అర్థమైందా అని. మా చుట్టాలంతా వంతెన దాటించమని నా వెంటపడతారని ఆయన భయం. "జీ సాబ్" అన్నాను.

వంతెన పేరు చెప్పను. వరదలో దుంగలు కొట్టుకొచ్చి స్తంభాలను గుద్దాయి. పైకి ఒక్క పగులు లేదు. కానీ అలాంటి వంతెనల కాంక్రీటు లోపల ఉక్కు తీగలు లాగి బిగించి ఉంటాయి. అవి తుప్పు పట్టి ఒక్కొక్కటే తెగిపోతున్నా బయటికి తెలియదు. తెగే క్షణంలో మాత్రం లోపల చిన్న చప్పుడు పుడుతుంది. పైన నిలబడ్డ మనిషికి అది వినపడదు. కాంక్రీటుకి అంటించిన సెన్సార్ దాన్ని పట్టి నా చెవికి పంపుతుంది. ఎక్కడ తెగిందో తెర మీద చూపిస్తుంది.

తాళ్ళతో కిందికి దిగి సెన్సార్లు అంటించడానికి రెండు రోజులు పట్టింది. వాన తెరిపివ్వలేదు. బూట్లు ఆరలేదు. మూడో రోజు ఉదయం ఏడింటికి వంతెన మూసేశాం. ఇసుక నింపిన లారీని మెల్లగా నడిపి, బరువు పడినప్పుడు లోపల ఏమవుతుందో వినాలి. ఆ సమయంలో మనుషుల అడుగుల చప్పుడు కూడా మాకు అడ్డమే.

బారికేడ్ పక్కనే టార్పాలిన్ కింద నా బల్ల. ఎనిమిదింటికల్లా జనం చేరారు. వాళ్ళలో కరుణమ్మ పిన్ని.

పిన్ని అంటే మా పక్క క్వార్టర్ ఆవిడ. మా అమ్మ ఎస్తేరు, టీచరు. అమ్మ బడి నుంచి వచ్చేదాకా నాకు అన్నం పెట్టింది పిన్నే. బాబాయి రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేసి పర్సుడీహ్‌లో ఇల్లు కట్టుకున్నారు. ఇన్నేళ్ళున్నా ఆవిడకి వచ్చిన హిందీ కూరగాయల బేరానికి సరిపడేంతే.

హెల్మెట్ కింద నా మొహం చూసి పోల్చేసింది.

"ఒరే, ఎస్తేరు గుంటడివి కాదేటి? బేగి ఒగ్గరా నానా, అవతలకి ఎల్లాల. మీ బాబాయికి పదకొండుకి ఆపరేసను. రాత్రి కంగారులో కళ్ళజోడు ఇంటికాడ మర్సిపోయినాడు. అది లేకపోతే ఎదుటి మనిసి ఎవులో కూడా తెలీదు ఆయనకి."

చేతిలో కళ్ళజోడు. అద్దాల మీద చినుకులు పడుతుంటే చీర చెంగుతో తుడుస్తోంది.

నా పక్కన రేడియో ఆపరేటర్. నా తెలుగును వెక్కిరించడం వాడికి సరదా. అసలు ఆ సిగ్గు అంతకన్నా పాతది. బడిలో నేను "ఏటి" అంటే తక్కిన తెలుగు పిల్లలు పగలబడి నవ్వేవాళ్ళు. ఆ యాస వదిలించుకోవడానికి నేను పడని పాట్లు లేవు.

"అభీ బంద్ హై, మాతాజీ. ఉధర్ బైఠియే" అన్నాను. ఇప్పుడు మూసి ఉంది, అటు కూర్చోండి అని, ముక్కూ మొహం తెలియనివాళ్ళతో అన్నట్టు.

పిన్ని నన్నోసారి ఎగాదిగా చూసింది. ఆఫీసర్ల ముందు మాట్లాడకూడదేమో అనుకున్నట్టు తల ఊపి, గట్టు మీద కూర్చుంది.

తొమ్మిదీ నలభైకి లారీ మూడో స్పాన్ మీదికి, అంటే రెండు స్తంభాల మధ్య మూడో భాగం మీదికి వచ్చింది. హెడ్‌ఫోన్‌లో టక్‌మంది. కాసేపటికి మళ్ళీ టక్. ఇంకోసారి.

"సాబ్, తీస్రా స్పాన్. తీన్ ఆవాజ్" అన్నాను రేడియోలో, మూడు చప్పుళ్ళు అని.

"పక్కా?"

"పక్కా, సాబ్."

"గాడీ వాపస్. పుల్ బంద్." లారీ వెనక్కి, వంతెన మూసెయ్యమని.

ఆపరేటర్ మైకు అందుకున్నాడు. వంతెన అనిశ్చిత్ కాల్ కే లియే బంద్ అని చదివాడు. అంటే ఇక ఎప్పుడు తెరుస్తారో తెలియదని. జనం తిట్టుకుంటూ పెద్ద వంతెన వైపు మళ్ళారు. ఆటోలో ముప్పావు గంట చుట్టు. పిన్నికి ఆ పెద్ద పెద్ద మాటలు ఎక్కలేదు; ఇంకో ముప్పావు గంట అలాగే గట్టు మీద కూర్చుంది. చుట్టు తిరిగి పొమ్మని ఒక సైకిలాయన చేత్తో చూపించాడు. ఆవిడ నావైపు వేలెత్తింది.

"హమారా లడ్‌కా హై. ఖోలేగా."

మా అబ్బాయే, తెరుస్తాడు అని. ఎంత ధీమాగా అందో!

ఆపరేటర్ ఇకిలించాడు. "క్యా హవల్దార్ సాబ్, జాన్ పహచాన్?" తెలిసినవాళ్ళా అని.

"నహీ" అన్నాను.

పిన్ని ఆరడుగుల దూరంలో ఉంది. నహీ అన్న మాట కూరగాయల బేరంలో ఆవిడ రోజూ వినేదే. లేచింది. కళ్ళజోడు జాకెట్టులో దోపుకుంది. నావైపు చూడకుండా వానలో నడిచి వెళ్ళిపోయింది. అప్పటికి పదిన్నర దాటింది. పిన్నీ, ఇది తెరవరు, పెద్ద వంతెన మీంచి ఎల్లు. మైకులో చదివిన వెంటనే ఇంతే చెప్పాల్సింది. సుబేదార్ సాబ్ కూడా కాదనేవాడు కాదు.

మూడో స్పాన్ కాంక్రీటు తవ్వి చూస్తే తీగలు సగం తుప్పు. ఆ రోజు మూసెయ్యకపోతే ఏమయ్యేదో అని అందరూ గుండెలమీద చెయ్యేసుకున్నారు. మా జట్టుకి శాలువాలు కప్పారు. ఆ వారమే యూనిట్‌కి తిరిగి వెళ్ళిపోయాను. మిగతాది అమ్మ ఫోన్‌లో చెప్పింది. పిన్ని వెళ్ళేసరికే బాబాయిని ఆపరేషన్‌కి తీసుకుపోయారు. ఆయన మళ్ళీ కళ్ళు తెరవలేదు. కళ్ళజోడు శవపెట్టెలో పెట్టి పంపించారట.

నిరుడు రిటైరై ఇంటికొచ్చాను. అమ్మతో కలిసి పర్సుడీహ్ వెళ్ళాను. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. గుమ్మంలో పిన్ని కనపడగానే అవన్నీ ఎగిరిపోయాయి.

"ఏటి పిన్నీ, బాగున్నావా?" అన్నాను. ఆ "ఏటి" నా నోట వచ్చి ఎన్నేళ్ళయిందో.

అమ్మని చూసి నవ్వింది. "రా అక్కా, ఈ ఎండలో ఎందుకొచ్చినావు" అంది. లోపలికెళ్ళి కుర్చీ తెచ్చింది. చీర చెంగుతో దాన్ని తుడిచింది, ఆవేళ గట్టు మీద కూర్చుని ఆ అద్దాలు తుడిచినట్టే, నెమ్మదిగా, అంచుల దాకా. తుడిచి నా ముందు వేసింది.

"బైఠియే, సాబ్" అంది.