ఎస్టేట్ అంటే ఆ కారు

...ఇంకో సంగతి, నిన్న కోపంలో రాయడం మర్చిపోయాను. పెద్దాయన పోయారని మాకు ఎవరూ ఫోన్ కూడా చేయలేదు. గురువారం పొద్దున అమ్మ ఎప్పటిలా డ్యూటీకి వెళ్తే, ఆయన కొడుకు గుమ్మంలోనే నిలబడి, నాన్న పోయాడు, ఇక మీతో పని లేదు అన్నాడట. రెండేళ్ళు ఆయనకి స్నానం చేయించి, తిండి తినిపించిన మనిషితో.

ఇది చదివే మీరెవరో నాకు తెలీదు. ఆయనా మీకు తెలీదు. ఇక్కడ ఐర్లండ్‌లో, గాల్వే ఊరి బయట ఒక్కరే ఉండే ఐరిష్ పెద్దాయన. మా అమ్మ ఆయనకి కేరర్. వేసవి సెలవుల్లో నన్నూ వెంట తీసుకెళ్ళేది. తీసుకెళ్ళకూడదు, రూల్ ఉంది. కానీ మా అద్దె ఇంట్లో పక్క గదిలోకి ఎవరో కొత్తవాళ్ళు దిగారు, నన్ను ఒంటరిగా వదలాలంటే అమ్మకి భయం. అందుకని ఆయన షెడ్‌లో కూర్చోబెట్టేది.

షెడ్ నిండా ఒకటే కారు. కుర్రతనంలో బోస్టన్‌లో ఇళ్ళు కట్టే పని చేసి, తిరిగొస్తూ ఓడలో తెచ్చుకున్న కంట్రీ స్క్వైర్ మోడల్. పడవంత పొడుగు, పక్కలంతా చెక్క. నేను వెనక సీట్లో దాక్కుంటే మొదటిరోజే వాకర్ తోసుకుంటూ వచ్చి పట్టేశారు. కోప్పడలేదు. ఆ చెక్కని గోటితో గోకి చూడమన్నారు. గోకితే చెక్క కాదు, స్టిక్కర్.

తర్వాత రోజూ కాస్త కాస్త చెప్పేవారు. ఈ మోడల్ 1950లో మొదలుపెట్టినప్పుడు నిజం చెక్కేనట. వానకి పాడయ్యేది, వార్నిష్ వేస్తూనే ఉండాలి. కొన్నాళ్ళకే దాన్ని మానేసి చెక్కలా కనిపించే స్టిక్కర్ అంటించారు. అందరూ తెలిసే కొనుక్కున్నారు. "ఇది దాచుకోని అబద్ధం, దీంతో ఎవరికీ నష్టం లేదు," అనేవారు. చివర్లో జనం వ్యాన్ల వైపు వెళ్ళిపోయారు, 1991తో కంట్రీ స్క్వైర్ ఆగిపోయింది. ఆ మాట వచ్చినప్పుడల్లా వ్యాన్లని నిన్ననే జరిగినట్టు తిట్టేవారు. వెనక తలుపు కిందికీ పడుతుంది, మామూలు తలుపులా పక్కకీ తెరుచుకుంటుంది. రెండూ నాతో చేయించేవారు. తప్పు చేస్తే వాకర్‌తో నేల మీద టక్కుమని కొట్టేవారు. బాగా చేస్తే ఒకటే మాట, గ్రాండ్. వెనకాల ఎదురెదురుగా చిన్న సీట్లున్నాయి. అక్కడ కూర్చుని పిల్లలు మోకాళ్ళతో పొడుచుకునేవాళ్ళట. అందులో ఒకటి ఈ కొడుకు సీటే. వాడిప్పుడు దాన్ని చెత్త అంటున్నాడు.

ఆయనకి అమెరికా అలవాటు, వ్యాగన్ అనేవారు. ఇక్కడ అలాంటి కార్లని ఎస్టేట్ అంటారు. సెలవులు అయిపోయే ముందు, అమ్మకి అర్థం కావాలని ఇక్కడి మాట వాడి, కారు మీద చెయ్యేసి, "ఈ ఎస్టేట్ మీ పిల్లకే," అన్నారు. నేను పక్కనే ఉన్నాను. అమ్మ వద్దంది. కానీ ఎవరేం ఇస్తామన్నా, ఆయన ఇంట్లోనే ఉంచే డ్యూటీ నోట్స్‌లో రాయాలి కదా, రాసింది: ఎస్టేట్ నా కూతురికి ఇస్తానన్నారు, వద్దన్నాను. కారు అని రాయలేదు.

పోయినవాళ్ళ ఆస్తిని కూడా ఇక్కడ ఎస్టేట్ అనే అంటారు. ఇల్లు, పొలం, మొత్తం. కొడుకు ఆ నోట్స్ చదివాడు. ముసలాయన్ని మాయచేసి ఆస్తి కాజేయాలని చూసిందని అమ్మ మీద కంప్లైంట్ పెట్టాడు. కారు గురించే అన్నారని అమ్మ చెప్పినా, అమ్మని పనికి పంపే కంపెనీ మేనేజర్ నమ్మలేదు. అసలు మీ కూతుర్ని ఆయన ఎక్కడ చూశారని అడిగింది. ఫోటోలో, అంది అమ్మ. నాకు తెలిసి అమ్మ అబద్ధం చెప్పడం అదే మొదలు. సోమవారం మీటింగ్. ఉద్యోగం పోతే వర్క్ పర్మిట్ పోతుంది, పర్మిట్ పోతే మేం ఇక్కడ ఉండలేం.

అమ్మ కాక ఆ మాట విన్నది నేనొక్కదాన్నే. చెప్తే రూల్ తప్పిందని తెలిసిపోతుంది. చెప్పకపోతే అమ్మ దొంగ.

ఆయన మీద కూడా కోపమొస్తోంది. రోజూ వ్యాగన్ అన్న మనిషి ఆరోజూ వ్యాగన్ అనొచ్చుగా. కానీ ఇక్కడ చాలామంది అమ్మతో చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు గట్టిగా మాట్లాడతారు. ఆయన గొంతు పెంచలేదు, పదం మార్చుకున్నారు.

సోమవారం నేనూ వస్తానని అమ్మకి చెప్పాలి.

తలుపు కొడుతున్నారు. అమ్మే.

"అమ్మాయ్, చదువుకుంటన్నావా? రిజైన్‌లో మధ్యలో జి వచ్చిద్దా?"

మిగతా పేజీలన్నీ పరుపు కిందికి తోశాను. అమ్మకి చూపించడానికి ఈ ఒక్క పేజీ పట్టుకుని తలుపు తీస్తున్నాను.